కథానాయిక వేసిన నలభై ఒక్క అడుగులు

చప్పుళ్ళ మాస్టారికి యాభై ఎనిమిదేళ్ళు. బొజ్జ, బట్టతల, గుబురు మీసాలు. అయినా తెర మీద నాజూగ్గా నడిచే కథానాయికల్లో సగం మందికి అడుగులు ఆయనవే. షూటింగులో మైకుకి మాటలే సరిగ్గా అందుతాయి. అడుగులూ గాజులూ చీర రెపరెపలూ తరవాత బొమ్మ చూస్తూ మళ్ళీ పుట్టించాలి. అదీ మాస్టారి ఉద్యోగం. కిటికీ లేని గది, నేల మీద ఒక గడిలో ఇసుక, ఒక గడిలో చెక్క, ఒక గడిలో నున్నటి రాయి, మూలన పాతిక జతల ఆడవాళ్ళ చెప్పులు. హీరో హీరోయిన్‌ని ముద్దు పెట్టుకుంటే వినిపించేది మాస్టారు తన మణికట్టు మీద తానే పెట్టుకున్న ముద్దు. ఈ సంగతి ప్రేమికులకు తెలియకపోవడమే మంచిది.

ఇంట్లో మాత్రం ఈ విద్యకు పూచికపుల్ల విలువ లేదు. ఆయన చెమటోడ్చి పుట్టించిన ప్రతి చప్పుడు మీదా ఎవరో ఒకరు వయొలిన్లు గుమ్మరించేవారు మరి.

"బావగారూ, ఇన్నేళ్ళుగా చెవులు రిక్కించి వింటున్నాను. ఒక్క అడుగైనా వినపడదేం?" అని బావమరిది ఎకసెక్కం. మాస్టారి భార్య పక్కింటివాళ్ళతో, "ఏదో సినిమాల్లో చేస్తారులెండి" అని మాట మార్చేసేది. ఆ మాటకు మాస్టారి మనసు చివుక్కుమనేది.

అలాంటిది, ఒక ప్రేమకథ తీస్తున్న కొత్త దర్శకుడు వచ్చి, "మాస్టారూ, విడిపోయే సీన్లో మాటల్లేవు, మ్యూజిక్ లేదు. ఆ అమ్మాయి నలభై ఒక్క అడుగులు నడిచి వెళ్ళిపోతుంది. ఆ అడుగులే ఏడవాలి" అన్నాడు.

మాస్టారు ఎత్తుమడమల చెప్పుల్లో పాదాలు కుక్కుకుని మొదలుపెట్టారు.

"ఇది కోపంలా ఉంది మాస్టారూ. బాధ కావాలి."

మళ్ళీ నడిచారు.

"బాధే గానీ, మోకాళ్ళ బాధలా ఉంది."

మూడో రోజుకు చెప్పులు కరిచి మడమలు పుళ్ళయ్యాయి. కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ నడిచారు. "ఇదీ!" అని దర్శకుడు ఎగిరి గంతేశాడు.

విడుదల రోజు మాస్టారు ఇంటిల్లిపాదినీ హాలుకు తీసుకెళ్ళారు. చివరి నిమిషంలో వయొలిన్లు దూర్చేశారేమోనని ఆయనకు ఒకటే గుబులు. సీను వచ్చింది. దర్శకుడు మాట నిలబెట్టుకున్నాడు. నిశ్శబ్దంలో టక్, టక్ మని మొదటి అడుగులు.

వెనక వరసలో ఎవడో అరిచాడు. "సౌండ్ పోయింది రోయ్!"

అంతే, హాలంతా అందుకుంది. ఏడుపు సీనుకు మ్యూజిక్ లేకపోవడం ఆ జనం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. "ఆపరేటరూ, నిద్రపోతున్నావా?" ఈలలు, కేకలు. బావమరిది కూడా రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. టక్‌టక్‌లు ఆ గోలలో కలిసిపోయాయి.

మాస్టారి భార్య పక్కకు చూసింది. చీకట్లో కుర్చీ కింద ఆయన పాదాలు కదులుతున్నాయి. పెదవులు అడుగులు లెక్కపెడుతున్నాయి. చెంపలు తడిగా ఉన్నాయి. ఆవిడ దిగ్గున లేచి నిలబడింది.

"నోళ్ళు మూయండి! అక్కడ మా ఆయన నడుస్తున్నారు!"

హాలు నివ్వెరపోయింది. అందరూ ఆవిడ వైపు చూశారు, తరవాత తెర మీద పోతున్న నాజూకు అమ్మాయి వైపు చూశారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కాక నోళ్ళు మూసుకున్నారు.

ఇంకా పదకొండు అడుగులు మిగిలున్నాయి. పదకొండూ వినిపించాయి.