రిజిస్టరులో చౌడేశ్వరమ్మ

చనిపోయిన తండ్రికి రెండో పెళ్లి చేసిన కొడుకును మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. అదీ ఏ మూలో గుట్టుగా కాదు, ఊరంతా పాలు పోయడానికి వచ్చే వేళ, క్యాన్ల మధ్య నిలబడి చేశాను. ఇప్పటికీ మా సొంతూరు మండికల్లులో తల దించుకునే నడుస్తాను. చెబుతాను, నవ్వుకోండి. నవ్వడానికి మీకేం, ఆ తల్లి మీ తల్లి కాదు కదా.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. కంప్యూటర్ తెలిసినవాడికి లోకంలో తెలియనిదంటూ ఉండదని గట్టి నమ్మకం. మా నాయన బాగేపల్లిలో హైస్కూలు మేష్ట్రుగా రిటైరై, రెండేళ్లు తిరక్కముందే గుండెపోటుతో పోయారు. ఆయన పింఛను అమ్మ పేరుకు మారాలి. ఆఫీసువాళ్లు కాగితాలన్నీ తిరగేసి, "పెళ్లి సర్టిఫికెట్టు యాడ?" అన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. అమ్మ వరండాలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది.

"అది చేయించినాడు రా మీ నాయన. అయితే అందులో ఒక మాట ఉండాది..."

"నువ్వు ఊరుకోమ్మా. ఆఫీసు సంగతులు నీకేం తెలుసు?"

"అది కాదురా, యాడ చేయించినామంటే..."

"నేను చూసుకుంటాను కదా!"

ఆమె మళ్లీ కాయలు అందుకుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేయడం మా అమ్మకు బాగా అలవాటు. ఆ అలవాటు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణని అప్పట్లో నాకు తట్టలేదు.

బాగేపల్లి రిజిస్టరు ఆఫీసులో రెండు రోజులు వెతికించాను. పాత పుస్తకాల దుమ్ముకు తుమ్మి తుమ్మి నా ముక్కు మిరపపండులా తయారైంది. నాయన పేరు లేదు. మూడో రోజు పొద్దున నేను బండి తీస్తుంటే అమ్మ వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"చింతామణికి పోరా. పెండ్లినాటికి మీ నాయనకు పని ఆడ కదా."

"ఈ ముక్క ముందే చెప్పొద్దా?" అని కసిరాను. ఎవరు చెప్పనివ్వలేదో మీకు తెలుసు, నాకు తెలుసు. పాపం, ఆమె ఆ మాట కూడా అనలేదు.

చింతామణిలో గుమాస్తా పెద్దాయన. కళ్లద్దాలు ముక్కు చివరికి జారిపోయి, ఏ క్షణాన దూకుతాయోనన్నట్టు ఉన్నాయి. ఆ ఏటి పట్టీ తీసి వేలితో వరుసగా జరుపుకుంటూ పోయి, టక్కున ఆగాడు.

"సిక్కింది. మండికల్ నారాయణప్ప, మేష్ట్రు. నీ నాయనేనా?"

"ఆయనే సార్!"

"పెండ్లికూతురు చౌడేశ్వరమ్మ."

"సరిగా చూడండి సార్. మా అమ్మ పేరు సరోజమ్మ."

"నేనేమన్నా నోటికొచ్చిన పేరు చదువుతాండానా అప్పా? ఇదో, నువ్వే చూడు."

చూశాను. చౌడేశ్వరమ్మే. పక్కన తేదీ చూశాను. సంచిలో అమ్మానాన్నల పెళ్లి ఫోటో ఉంది, తీసి దాని వెనక రాసిన తేదీ చూశాను. మా అమ్మ మెడలో తాళి కట్టిన మూడు నెలలకు, మా నాయన ఈ ఆఫీసుకొచ్చి చౌడేశ్వరమ్మతో సంతకం పెట్టాడు. నా కాళ్ల కింద నేల మిక్సీలో పిండిలా గిర్రున తిరిగింది.

"ఇది ఉత్త పట్టీ అప్పా," అన్నాడు గుమాస్తా. "అసలు దాఖలె పుస్తకంలో ఎవరి కూతురు, ఏ ఊరు, సాక్షులెవరు, అన్నీ ఉంటాయి. అర్జీ ఇచ్చి పో. రేపు నకలు తీసిస్తా."

ఒక్క రోజు. ఒక్కటంటే ఒక్క రోజు ఆగి ఉంటే మీకు చెప్పడానికి నా దగ్గర కథే ఉండేది కాదు. కానీ ఇరవై ఆరేళ్లవాడికి రేపు అనే రోజు ఉంటుందా? అర్జీ రాయకుండానే బండెక్కి నేరుగా మండికల్లుకు పోయాను.

అక్కడ మా చిన్నాయన ఉన్నాడు. నాయన పెళ్లినాటికి ఆయనకు అయిదారేళ్లు. ఆవుకు గడ్డి వేస్తున్నవాణ్ణి పట్టుకుని అడిగాను.

"చిన్నాయనా, నిజం చెప్పు. చౌడేశ్వరమ్మ ఎవరు?"

"మన ఇలవేల్పు, ఇంటి దేవర కదరా."

"దేవర కాదు, మనిషి! నాయనకు ఆమెకు ఏం సంబంధం?"

చిన్నాయన బుర్ర గోక్కున్నాడు. "ఈ ఊర్లో చౌడమ్మంటే పాల డెయిరీ కాడ పాలు పట్టుకునే చౌడమ్మే. ఆ మనిషి ఇల్లు కట్టేటప్పుడు కాగితాలన్నీ మీ నాయనే రాసిచ్చినాడు. అయినా ఎందుకురా?"

కాగితాలు రాసిచ్చాడట! ఇంకేం కావాలి నాకు? "ఎందుకా, చూపిస్తా రా" అన్నాను. చిన్నాయన గడ్డిమోపు అక్కడే పడేసి నా వెనకే పరిగెత్తుకొచ్చాడు.

డెయిరీ దగ్గర సాయంత్రం పాల వేళ. ఇరవై, ముప్పైమంది వరుసలో ఉన్నారు. ముందు కొలత గిన్నె పట్టుకుని చౌడమ్మ. అరవై దాటిన మనిషి, నుదుట రూపాయంత విభూతి బొట్టు. నేను వరుసంతా తోసుకుంటూ పోయి ఆమె ముందు నిలబడ్డాను.

"మా నాయనతో నీకు పెండ్లి అయింది నిజమేనా?"

ఎవరి చేతిలోని చెంబో ఖంగుమని కింద పడింది.

"ఏమంటివి?" అంది చౌడమ్మ.

"నారాయణప్ప మేష్ట్రు! చింతామణి రిజిస్టరులో నీ పేరు ఉండాది. నా కండ్లారా చూసినాను!"

ఆమె నన్ను కాసేపు తేరిపార చూసింది. తర్వాత తొందరేమీ లేకుండా, చేతిలోని గిన్నెడు పాలు నా నెత్తిన పోసింది. ఆ రోజు మొత్తంలో పద్ధతిగా జరిగిన పని అదొక్కటే.

"నా మొగుడు పోయి పదేండ్లాయ. ఇంతవరకు ఈ ఊర్లో నన్ను ఒక్క మాట అన్నోడు లేడు," అంది. "మీ నాయన దేవుని మాదిరి మనిషి. ఇంత మాట అనే ముందర మీ అమ్మను అడిగితివా?"

అడగలేదు. చుట్టూ చూశాను. ఒక్కరూ నవ్వడం లేదు. నవ్వి ఉంటే ఎంత బాగుండేదో.

పాల వాసన కొడుతూ బాగేపల్లి చేరాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఈ భయంకరమైన వార్తను అమ్మ తట్టుకునేలా ఎలా చెప్పాలా అని! నాకంటే ముందు ఫోను చేరిపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నా తల చూసింది, చొక్కా చూసింది. లోపలికి పోయి నీళ్లు కాచింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజే కాదు, మూడు రోజులు మాట్లాడలేదు. వేళకు అన్నం పెట్టింది, మంచినీళ్లు పెట్టింది. మాట మాత్రం పెట్టలేదు.

నాలుగో రోజు పొద్దున మంచి చీర కట్టుకుని, చేతిలో ఒక పాత కవరుతో బండి దగ్గరికొచ్చింది. "చింతామణికి పద" అంది.

గుమాస్తా అసలు పుస్తకం తెరిచి పెట్టుకుని అడిగాడు. "ఎవరి నకలమ్మా? మీ పేరు?"

"చౌడేశ్వరమ్మ," అంది మా అమ్మ.

నేను ఆమె మొహం చూశాను. ఆమె నన్ను చూడలేదు. కవరులోంచి ప్రైమరీ స్కూలు సర్టిఫికెట్టు తీసి బల్ల మీద పెట్టింది. ఊరు చాకవేలు, తండ్రి మా తాత, పేరు చౌడేశ్వరమ్మ. పుస్తకంలోనూ అవే ఉన్నాయి. అడుగున గుండ్రటి అక్షరాలతో జాగ్రత్తగా పెట్టిన సంతకం.

పుట్టింట్లో అందరూ ఆమెను పాప అనేవాళ్లు. మా ఇంట్లో సరోజ. ఈ రెండూ తప్ప మా అమ్మకు ఇంకో పేరు ఉంటుందని నాకు ఏనాడూ తోచలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాక తనే చెప్పింది.

"పెండ్లైనాక మీ అవ్వ మార్చింది. ఇంటి దేవర పేరు పెట్టుకొని వస్తే, ఆ పేరుతో కోడలిని తిట్టేదెట్ల అనింది. తిట్టేదానికి వాటంగా ఉంటుందని సరోజ అని పెట్టిరి. మీ నాయన వాళ్లమ్మకు ఎదురు చెప్పలేకపాయ. మూడు నెలలైనాక నన్ను ఈడికి పిలుచుకొచ్చినాడు. ఇంట్లో ఎట్ల పిలిచినా సర్కారు పుస్తకంలో నీ పేరే ఉండనీ అన్నాడు. ఆ తర్వాత రేషన్ కార్డు, ఓటు కార్డు, అన్నిటికీ ఎవరికి తోచినట్ల వాళ్లు సరోజమ్మ అని రాయించిరి. ఆధార్‌కు నువ్వే రాయించితివి."

అవును, నేనే రాయించాను. ఆ రోజు కూడా ఆమె ఏదో చెప్పబోయింది, నేను ఊరుకోమన్నాను. మా నాయన బతుకులో ధైర్యం చేసి చేసిన పని ఇదొక్కటే అయి ఉంటుంది. దాన్నే నేను పాల క్యాన్ల మధ్య నిలబెట్టి రంకు అని చాటాను.

నకలు వచ్చింది. రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణపత్రం కూడా కావాలన్నారు. ఆఫీసు ఎదుట టైపు చేసే ఆయన పది నిమిషాల్లో కొట్టిచ్చాడు. కింద కొడుకు సంతకం పెట్టాలి. పైన ఇలా ఉంది: "ఈమె నా తల్లి. ఈమెను నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఈ రెండు పేర్లతోనూ ఎరుగుదునని దైవసాక్షిగా ప్రమాణం చేయుచున్నాను."

పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. అమ్మ నా భుజం తట్టింది.

"పెట్టు నాయనా. ఇన్ని నిజాలు చాటి వస్తివి, ఒక్క అబద్ధానికి ఏం కాదులే."

పెట్టాను. అందుకే ఈ సభాముఖంగా శపథం చేస్తున్నాను: ఇకమీదట ఏ ఆఫీసులో ఏ ఫారం నింపినా, ఎదురుగా ఉన్నది కన్నతల్లే అయినా సరే, ముందు రెండు చేతులూ కట్టుకుని "అమ్మా, తమరి పేరేమిటి?" అని అడిగి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని ఉంటాను.