మున్నీ దొరికిన మధ్యాహ్నం

ఆఫీసులో ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని లేచిపోయే రకం నేను. తెల్లచీర, గజ్జెల చప్పుడు, వెనక్కి తిరిగిన పాదాలు. ఇవన్నీ పనిలేని వాళ్ల కాలక్షేపం అనేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. అది జరిగింది పట్టపగలు, నెత్తి మాడిపోయే ఎండలో.

మాది ఉప్పుగూడ. ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే లొల్లి మొదలయ్యే సందు. ఇంట్లో నేను, మా బాపు, మున్నీ. మున్నీ మా పిల్లి. ఒక వానాకాలం మురుగు పారే మోరీ పక్కన వణుకుతున్న కూనను అమ్మ కొంగులో చుట్టి తెచ్చింది. బూడిద రంగు, కుడిచెవి కొస కొంచెం చిరిగి ఉంటుంది. మహా పొగరుబోతు. నేను పెడితే మూతి తిప్పుకునేది, అమ్మ కలిపిన పాలన్నమైతే గిన్నె అద్దంలా నాకేది.

పోయిన చలికాలంలో అమ్మ గుండెపోటుతో చనిపోయింది. ఆ తర్వాత బాపు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మున్నీని ఒళ్లో పెట్టుకుని దానితోనే మాట్లాడేవాడు. "మీ అమ్మ ఏడికి వోయిందే?" అని అడిగేవాడు. నేను విననట్టు వంటింట్లోకి పోయేదాన్ని.

ఈ ఎండాకాలం మున్నీ కనబడకుండా పోయింది. రెండు రోజులు నేను పట్టించుకోలేదు. మూడో రోజు బాపు కంచం పక్కకు జరిపాడు. అయిదో రోజుకు మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. ఆయనకు షుగరు. మలక్‌పేట డాక్టరు, ఇట్లాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని కోపంగా చెప్పారు. నాకు భయం పట్టుకుంది. అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు, ఈయన కూడా పోతే నాకంటూ ఎవరూ ఉండరు.

ఆఫీసు అయ్యాక డాబాలెక్కి వెతికాను. రైలు పట్టాల వెంట, ఏం కనబడుతుందోనని కళ్లు సగం మూసుకుని వెతికాను. ఫొటోలు ప్రింటు తీసి గోడలకు అంటించాను. అప్పుడు అమ్మ గొంతు గుర్తొచ్చింది.

అమ్మ ఒకసారి నాకు పంపిన వాయిస్ మెసేజ్ ఫోన్లో ఉంది. కరివేపాకు తెమ్మని చెప్పి, బటన్ మీంచి వేలు తీయడం మరిచిపోయి, "మున్నీ, దా బిడ్డా దా, పాలు సల్లగైతున్నయి" అని మూడుసార్లు పిలిచింది. తర్వాత కుక్కరు కూత, అంతే. మొత్తం ఇరవై రెండు సెకన్లు. అమ్మ పోయాక దాన్ని తెరిచే ధైర్యం చేయలేదు. ఆ రోజు మెట్ల మీద కూర్చుని విని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఏడో రోజు ఆదివారం. మధ్యాహ్నం రెండింటికి, సందులు నిశ్శబ్దంగా ఉంటాయని బయల్దేరాను. వాల్యూము మొత్తం పెంచి ఒక్కో సందులో అమ్మ పిలుపు వినిపిస్తూ నడిచాను.

మా వెనక మూడో సందులో ఒక పాత ఇల్లుంది. అన్నదమ్ములు కోర్టుకెక్కడంతో ఏళ్లుగా తాళం పడింది. తాళం తుప్పు పట్టిపోయింది, కిటికీలకు చెక్కలు కొట్టారు. పక్కింటి అరుగు మీద ఒక ముసలాయన చార్మినార్ దుకాణాలకు పోయే గాజులకు రాళ్లు అతికిస్తున్నాడు. ఆయన పేరు ఖాదర్ భాయ్ అని తర్వాత తెలిసింది. "పిల్లి తప్పిపోయింది భాయ్" అన్నాను. తలాడించి పనిలో పడ్డాడు.

అక్కడ అమ్మ పిలుపు రెండోసారి వినిపించగానే తాళం వేసిన ఇంట్లోంచి మున్నీ అరిచింది. ఆ బొంగురు అరుపు నాకు తెలుసు. తలుపు కింద చెక్క పుచ్చిపోయి చిన్న సందుంది. అందులోంచి ముందు చిరిగిన చెవి, తర్వాత మున్నీ మొత్తం బయటికొచ్చింది. ఎత్తుకున్నాను. ఏడు రోజుల పస్తు కదా, ఎముకలు తగులుతాయనుకున్నాను. పొట్ట నిండుగా ఉంది. మీసాలకు పాలున్నాయి, తడిగా.

సంతోషంలో అప్పుడు ఆలోచించలేదు. మెసేజ్ ఆపి ఫోన్ సంచిలో వేశాను.

తలుపు వెనక నుంచి అమ్మ మాట్లాడింది.

"ఎండల నిలబడకు కవితా, లోపట్కి రా."

నా పేరు ఆ మెసేజ్‌లో లేదు. సంచిలోంచి ఫోన్ తీసి చూశాను, మెసేజ్ ఆగే ఉంది. మున్నీ బెదరలేదు. తలుపు వైపు చెవులు తిప్పి గుర్రుమంటోంది. దాన్ని చూస్తే ఇంకా భయమేసింది.

ఖాదర్ భాయ్ చేతిలో గాజుతోనే అరుగు దిగాడు. "కవిత అంటే ఎవరు బేటీ? లోపల్నుంచి ఎవరో ఆడమనిషి పిలుస్తున్నది" అన్నాడు. ఆ మాటన్నాక ఆయనే తాళం వైపు చూసి, "ఈ ఇంట్ల ఎవ్వరు లేరు గదా" అన్నాడు. ఆయన మొహం పాలిపోయింది. నేనాయనకు నా పేరు చెప్పలేదు.

లోపలి గొంతు ఈసారి తలుపుకు బాగా దగ్గరగా వచ్చింది. "రా బిడ్డా."

నేను మున్నీని అదుముకుని పరుగెత్తాను. ఒక చెప్పు ఊడిపోయినా ఆగలేదు. పెద్ద రోడ్డు మీద కిరాణా దుకాణం ముందు నిలబడి, అమ్మ మెసేజ్ డిలీట్ చేసేశాను. అది నా దగ్గరుంటే ఆ గొంతు నాతో ఇంటిదాకా వస్తుందనిపించింది. భయంలో మనిషికి అంతకంటే తెలివి ఉండదు.

వారం తర్వాత ఖాదర్ భాయ్ ఆ ఇంటి వాళ్లను పిలిపించి తాళం తీయించాడు. లోపల కూలిన పైకప్పు, మందంగా దుమ్ము, దాని మీద పిల్లి అడుగులు. మనిషి అడుగులు లేవు. పాలగిన్నె లేదు.

మున్నీ దొరికిన రోజు రాత్రి బాపు కడుపునిండా తిన్నాడు. ఎన్నో రోజులకు నా మొహంలోకి చూసి, "ఎట్ల దొరికింది బిడ్డా?" అని అడిగాడు. నోరు జారి, అమ్మ గొంతు ఫోన్లో పెట్టి పిలిచానని చెప్పేశాను.

ఆయన చెయ్యి మున్నీ వీపు మీదే ఆగిపోయింది. "గామె గొంతున్నదా నీ దగ్గర? ఒక్కసారి ఇనిపియ్యి."

ఛార్జింగ్ లేదన్నాను. మర్నాడు ఫోన్ పాడైందన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఆ గొంతు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. అమ్మది కాకపోతే, నా పేరు తెలిసిన మరెవరో ఆ తలుపు వెనక ఉన్నారు. అమ్మదే అయితే, ఎండలో నిలబడొద్దన్నందుకు నేను మా అమ్మ నుంచే పారిపోయాను.