'పెట్టు' అన్నాడు ధనుంజయ

మదనపల్లెలో ఒక టమోటా నారు నర్సరీ, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. మూడింటికీ యజమాని ఒక్కడే, మూడింటి కంప్యూటర్లకూ దిక్కు ధనుంజయ ఒక్కడే. నలభై ఎనిమిదేళ్ల మనిషి, నడుమునొప్పితో వారంలో ఆరు రోజులు బస్సుల్లోనే ఉంటాడు. అతని బాగోగులు ఇంట్లోవాళ్లకంటే కండక్టర్లకే ఎక్కువ తెలుసు.

నారుకు ఎప్పుడు, ఎన్ని సెకన్లు నీళ్లు చల్లాలో కంప్యూటరే చూసుకుంటుంది. అదంతా ఒక సెట్టింగుల ఫైలులో ఉంటుంది. ఆ నీళ్ల మిషను అమ్మిన కంపెనీవాళ్లు ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని రాసిన ఫైలు కుప్పానికి పనికిరాలేదు. ఆరేళ్ల కిందట, అక్కడ నీళ్లు పట్టే నారాయణప్ప నారు ట్రేలో వేలు పెట్టి చూసి, "ఇంకా రెండు సెకండ్లు తగ్గించప్పా, వేరు కుళ్లిపోతాది" అనేవాడు. ధనుంజయ తగ్గించేవాడు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచేసరికి ఆ ఫైలు నిండా నారాయణప్ప వేలే ఉంది. పోయిన ఏడాది నారాయణప్ప చనిపోయాడు.

అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కంపెనీ సెట్టింగుల ఫైలు కూడా కొత్తది వస్తుంది. పాతదాన్ని మనం మార్చుకుని ఉంటే కంప్యూటర్ అక్కడే ఆగి అడుగుతుంది: మాది వేయమంటారా, మీది ఉంచమంటారా? మర్యాదైన ప్రశ్నే. మూడు ఊళ్లలో ఆరేళ్లుగా వింటే మాత్రం ప్రాణం విసిగిపోతుంది. ఆ ఫైలుకు ఒక నకలు తీసి దాచుకోవాలని అన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు. సోమరి కాదు, అలసిపోయాడు. చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనబడతాయి.

మొన్న మంగళవారం పుంగనూరు బస్సు గంగవరం దాటుతుండగా, కుప్పం నర్సరీ చూసుకునే కుమారి ఫోన్ చేసింది.

"అప్‌డేటు ఈ పొద్దే ఏయమంటివి కదప్పా. కొత్త ఫైలు పెట్టాలా, మనదే పెట్టుకోవాలా అని అడగతా ఉండాది."

వెనక లారీ హారన్, పక్కన కోళ్ల గంప. "పెట్టు, పెట్టు" అన్నాడు ధనుంజయ, మనదే అన్న ఉద్దేశంతో. కళ్లు మూసుకున్నాడు.

కుమారి కొత్తది పెట్టింది.

శుక్రవారం అతను కుప్పం చేరేసరికి నారు సగానికి సగం వాలిపోయి ఉంది. కాడల మొదట్లో నల్లగా కుళ్లు. స్క్రీన్ చూడకుండానే అర్థమైంది. అయినా ధైర్యం చెప్పుకున్నాడు. కొత్త ఫైలు వేసినా, మనం మార్చుకున్నదాన్ని ఆ కంప్యూటర్ పారేయదు. పేరు చివర 'ఓల్డ్' అని తగిలించి పక్కనే దాచిపెడుతుంది. వెతికాడు. లేదు.

"ఓల్డ్ అని ఒక ఫైలు ఉండాల, యాడ కుమారీ?"

"అదా? పాతది మనకి యాల అని నిన్ననే తీసేసినానప్పా, కంప్యూటరు నీటుగా ఉంటాదని." ఆమె అతని మొహంలోకి చూసింది. "తప్పయిపోయిందా?"

తిట్టడానికి నోరు తెరిచాడు. ఏమని తిడతాడు? పెట్టమన్నది తనే. దానికి పాతదని పేరు తగిలించింది కంప్యూటరే.

"నీ తప్పేం లేదులేమ్మా."

బతికిన ట్రే ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మట్టికి బదులు పోసిన కొబ్బరిపొట్టులో వేలు దించాడు. చల్లగా తడి తగిలింది. ఈ తడి సరిపోతుందా, ఎక్కువా? నారాయణప్పకైతే తెలిసేది.

కుమారి కీబోర్డు ముందు కూర్చుంది. "ఎన్ని సెకండ్లు ఎయ్యమంటావప్పా?"

ధనుంజయకు ఏడుపొచ్చింది. వేలు తీయకుండానే, "తెలీదమ్మా" అన్నాడు.