ఇటుకలతో వచ్చిన మేస్త్రీ

సండూరులో మా ఇల్లు ఇనుప గనుల లారీలు తిరిగే రోడ్డు మీదే ఉంది. ముందు గదికి ఉన్న ఒక్క కిటికీ చట్రం గోడలో వదులై, రెక్క వేలాడుతూ ఉండింది. బాగుచేయాలని మేస్త్రీ యల్లప్పకు కబురు పెడితే, ఈ రోజు పొద్దున ఇటుకలు, సిమెంటు మూటతో దిగాడు.

“ఇటుకలు ఎందుకప్పా?” అన్నాను.

“ఈ రోడ్డులో కిటికీ పనంటే మూసేదే గదప్పా! నీ పక్కిళ్లవన్నీ నేనే మూసినా. ఎర్ర దుమ్ము అన్నంలో పడతాండాది, నీకు తెలీదా?”

“దుమ్ము లేపేది లారీలు. గాలీ వెలుతురూ వదులుకునేది నేనా?”

“దినామూ యాడ తుడుస్తావప్పా?”

“తుడుస్తా. నువ్వు చట్రం బిగించు.”

నవ్వుకుంటూనే బిగించాడు. రెక్కకు కొత్త బందులు నేనే వేసుకున్నాను. అతను ఇటుకలు తిరిగి ఎత్తుకుంటుంటే ఒకటి అడిగి ఉంచుకున్నాను. సాయంత్రం రెక్క బార్లా తెరిచి, గాలికి మూసుకోకుండా ఆ ఇటుకనే అడ్డం పెట్టాను.

ఇది రాసేలోగా కిటికీ గట్టు రెండుసార్లు తుడిచాను. మా వరుసలో తెరిచి ఉన్న కిటికీ ఇదొక్కటే. మీ వీధిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి.