రోడ్డు దించమన్న మామ్మగారు

మా ఇంటి ఓనరమ్మ గారు పోయారు. పొద్దున కాఫీ తాగి, వరండాలో తన కుర్చీలో కూర్చుని, గ్లాసు కింద పెట్టి, అలాగే వెళ్ళిపోయారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టింది నేనే. కాసేపట్లోనే దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. వాటి మధ్యన ఒకాయన, "మరి ఇవాళ రోడ్డు పని ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు. దాని కింద కూడా ఎవరో చేతులు జోడించారు.

అలాంటి కాలనీ మాది. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఈ మనుషుల మీద మంటే వస్తోంది. రానివ్వండి. మంట లేకుండా రాస్తే అది ఆవిడ గురించి రాసినట్టు కాదు.

నేను పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాని. ఆవిడ ఇంటి మేడ మీద వాటాలో చాలా ఏళ్ళుగా అద్దెకుంటున్నాం. నేనూ, నా భార్యా ఆవిణ్ణి మామ్మగారు అనేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు ఆవిడ పొగాకు గ్రేడింగు షెడ్డులో పని చేశారు. ఆకును వేళ్ళ మధ్య పట్టి చూసి, ఏ రకమో తేల్చి పక్కన పెట్టడం పని. ఆ అలవాటు మనుషుల దగ్గరా పోలేదు. కొత్త మనిషి గుమ్మం ముందు నిలబడి రెండు మాటలు మాట్లాడి వెళ్ళగానే, "పైకి బాగానే పండినట్టు కనబడతాడు గానీ, ఈనె పచ్చిగానే ఉందయ్యా" అనేవారు. మేం అద్దెకు దిగిన కొత్తలో నా గురించి ఏమన్నారో నా భార్యకు చెప్పారట. ఆమె ఇప్పటికీ నాకు చెప్పలేదు.

భర్త తాపీమేస్త్రి. ఆ ఇల్లు ఆయన తన చేత్తో కట్టుకున్నది. పిల్లలు లేరు. ఆయన పోయాక ఆవిడకు ఆ ఇల్లే తోడయింది. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, కోడి పులుసు పెట్టి, ఒక గిన్నె మాకు పంపేవారు. పని చేసుకుంటూ చర్చి పాటలు పాడేవారు. గొంతు బాగుండదు, శ్రుతి అసలే ఉండదు, అయినా వీధి చివరికి వినబడాల్సిందే.

మా కాలనీ ఒకప్పుడు పత్తిచేను. నల్లరేగడి నేల. మామ్మగారు వాళ్ళు ఇల్లు కట్టుకున్న రోజుల్లో వీధిలోంచి మూడు మెట్లెక్కి వరండాలోకి వెళ్ళేవాళ్ళట. వానొస్తే వీధిలో మోకాటి లోతు బురద. రోడ్డు కావాలని మునిసిపల్ ఆఫీసు చుట్టూ అందరికన్నా ఎక్కువ తిరిగింది ఆవిడే. రోడ్డు పడిన రోజున వీధి మొత్తానికి టీ కాచి పోశానని చెప్పేవారు. తర్వాత దాని మీద ఇంకో రోడ్డు పడింది. దాని మీద మరొకటి. మా ఊళ్ళో పాడైన రోడ్డును తీసి వెయ్యరు, దాని నెత్తి మీదే కొత్తది పోస్తారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఒక పొర. మేం వచ్చేసరికి వీధీ వరండా ఒకే మట్టంలో ఉన్నాయి. ఇప్పుడు వీధిలోంచి ఆ వరండాలోకి మెట్లు దిగాలి.

"ఇంకో రెండు రోడ్లు పడనియ్యవయ్యా, నువ్వు మేడ మెట్లెక్కే పనుండదు. రోడ్డు మీంచి తిన్నగా నీ వాటాలోకి అడుగేస్తావు" అనేవారు నాతో.

మా వాళ్ళు దీనికి కనిపెట్టిన ఉపాయం చూడండి. రోడ్డు ఇంటికన్నా ఎత్తయిందా, అయితే ఇంటినే ఎత్తుదాం. ఒకాయన ఉన్నది పడగొట్టి ఎత్తుగా కట్టాడు. పక్కాయన ఆయనకన్నా ఎత్తుగా కట్టాడు. ఆ పక్కాయన జాకీల వాళ్ళను పిలిపించి ఉన్న ఇంటినే పైకి లేపించాడు. మా ఎదురింట్లో ఉండే కాలనీ ప్రెసిడెంటుగారు, పురుగుమందుల షాపాయన, అందరి మీదా పైచేయి కావాలని ఇంకా ఎత్తులో కట్టించాడు. ఆయన కారు లోపలికి ఎక్కడానికి పోసిన వాలు వీధిలోకి సగం వచ్చింది. మురుగుకాలవ కావాలని అందరూ అంటారు. తవ్వేది మాత్రం తమ గుమ్మం ముందు కాకూడదు. దాంతో అన్ని డాబాల మీద పడ్డ నీళ్ళూ వీధిలోకి, వీధిలో నీళ్ళన్నీ మామ్మగారి ఇంట్లోకి. వాన వెలిశాక ఈ మేడల వాళ్ళు పిట్టగోడల దగ్గర నిలబడి, "అయ్యో పాపం" అనుకుంటూ చూసేవాళ్ళు. పాపం అనడానికి ఖర్చేముంది.

ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. నేను కిందికి దిగేసరికి మామ్మగారు కుచ్చిళ్ళు దోపుకుని, వరండాలో నీళ్ళు చేటతో ఎత్తి పోస్తున్నారు. నేనూ బకెట్టు అందుకున్నాను. ప్రెసిడెంటుగారు గొడుగేసుకుని రోడ్డంచున నిలబడి సలహా చెప్పాడు.

"ఈ వయసులో మీకెందుకండీ ఈ అవస్థ? ఇది అమ్మేసి ఏదన్నా ఫ్లాటు తీసుకోండి. మంచి బేరం నేను చూసిపెడతా."

"చూసిపెట్టేదేంటి, నేనే కొంటానని నోరు తెరిచి చెప్పరాదా?" అన్నారు మామ్మగారు, వంచిన నడుం ఎత్తకుండానే. ఆ చేటలో నీళ్ళు ఆయన ప్యాంటు మీద పడ్డాయి. చేయి జారిందో, కావాలని పోశారో నేను అడగలేదు. కావాలనే పోశారు.

ఆయన అటు వెళ్ళాక, "జలప్రళయం పంపేముందు దేవుడైనా కబురు పెట్టాడు. ఈయన అదీ పెట్టడు" అని మళ్ళీ చేట అందుకున్నారు.

కనిగిరిలో ఆవిడ చెల్లెలు ఉంది. ఆ వానలకు చూడటానికి వచ్చింది. "మాకు తాగటానికి నీళ్ళు లేక చస్తుంటే, నీకు ఇంట్లోకే వస్తున్నయ్యే అక్కా" అని నవ్వి, ఆ వెంటనే ఏడ్చింది. జాకీలు పెట్టి ఇల్లు లేపిద్దామంది. మేస్త్రీలు వచ్చి చుట్టూ తిరిగి చూశారు కూడా. ఇంటిని పునాది దగ్గర కోసి, జాకీల మీద పైకి లేపి, కింద కొత్త గోడ కడతామని చెప్పారు. మామ్మగారు అంతా విని, వాళ్ళకు టీ ఇచ్చి పంపేశారు.

"ఆయన వేసిన పునాది మీంచి ఇల్లు కోస్తారంట. నేను బతికుండగా కుదరదు. నా ఇల్లు ఎక్కడ కట్టామో అక్కడే ఉంది. ఎక్కి కూర్చుంది రోడ్డు. నా ఇల్లు లేపేదేంటి, మీ రోడ్డు దించండి!"

మొండితనమే. చెల్లెలు అదే అంది, నా భార్యా అదే అంది. నాకు మాత్రం ఈ వీధిలో నేను విన్న మాటల్లో తెలివైన మాట అదొక్కటే అనిపించింది.

ఈ ఏడు మళ్ళీ రోడ్డు మంజూరయింది. కాలనీవాసుల అభిప్రాయాలు తీసుకుంటామని పార్కులో షామియానా వేశారు. ఆ పార్కు సంగతి కూడా చెప్పాలి. వ్యాయామం చేసుకోండని యంత్రాలు పెడితే, మా వాళ్ళు వాటి మీద దుప్పట్లు ఆరేస్తారు. ఆ రోజు దుప్పట్లు తీసి కుర్చీలు వేశారు. అభిప్రాయాలు మొదలయ్యాయి. కాలనీ ముఖద్వారం ఆర్చికి ఏ రంగు వెయ్యాలన్న దాని మీదే సగం పొద్దు గడిచింది. ఒకాయనకు స్పీడుబ్రేకరు కావాలి, అదీ పక్కింటి ముందు. ఇంకొకావిడకు ఆర్చి మీద రంగురంగుల లైట్లు కావాలి. మిరప వ్యాపారంతోనే రెండంతస్తులు లేపిన ఒక పెద్దమనిషి లేచి, పక్క పొలంలో కాయలు ఆరబోస్తుంటే ఘాటుకు తుమ్ములొస్తున్నాయని ఫిర్యాదు చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు మామ్మగారు లేచారు. "పాత రోడ్డు తవ్వి తీసేసి, అదే మట్టంలో కొత్తది వెయ్యండి. పక్కన కాలవ తియ్యండి. నేనడిగేది ఇంతే."

వచ్చిన ఇంజినీరు కుర్రవాడు, అలాగే వెయ్యొచ్చని, కాకపోతే కొన్నాళ్ళు వీధి మూసెయ్యాలని, కాలనీ ఒప్పుకుంటే రాసుకుంటానని అన్నాడు. ఆ మాటతో ఒకేసారి అందరికీ నోళ్ళు వచ్చాయి.

"తవ్వాక డబ్బుల్లేవంటే? ఉన్న రోడ్డు కూడా పోద్ది!"

"అన్నాళ్ళు కార్లు ఎక్కడ పెట్టుకోవాలండీ?"

"ఒక్క ఇంటి కోసం కాలనీ అంతా ఇబ్బంది పడాలా?"

ప్రెసిడెంటుగారు చేతులెత్తమన్నాడు. పాత రోడ్డు మీదే వెయ్యమని షామియానా నిండా చేతులు లేచాయి. తవ్వమని లేచినవి మామ్మగారిది, నాది, నా భార్యది. ఆవిడ అందరి మొహాలూ ఒకసారి తాపీగా చూసి, "గ్రేడింగు అయిపోయిందయ్యా. ఒక్క ఆకూ పనికిరాదు. పద" అన్నారు. ఇంటికి వచ్చేదాకా నా చెయ్యి వదలలేదు.

మలుపు దగ్గర మొదలుపెట్టిన పని, ఆవిడ పోయిన రోజుకు మా ఇంటికి నాలుగైదు ఇళ్ళ అవతల ఉంది. ఈ ఒక్క రోజు ఆపండని ప్రెసిడెంటుగారిని అడగడానికి వెళ్ళాను.

"కాంక్రీటు మిల్లరు వచ్చేసిందండి. సిమెంటు కలిపేశారు. ఇప్పుడు పంపితే పక్క వార్డోళ్ళు పట్టుకుపోతారు, మళ్ళీ రాదు. మీరు తీసుకెళ్ళేది సాయంత్రమే కదా, ఈలోపు మీ గేటు ముందు అయిపోద్ది" అన్నాడు. వెనక నిలబడ్డ వాళ్ళు తలలూపారు. అందులో ఒకామె, "పాపం ఆవిడకు కూడా మొదట్నించీ రోడ్డంటే ప్రాణం" అంది. నిజంగానే అంది. నా చేతిలో చేట లేనందుకు ఈనాటికీ బాధగా ఉంది.

చర్చి వాళ్ళు వరండాలో కూర్చుని పాటలు పాడుతుంటే, మిల్లరు మోతలో ఒక్క ముక్కా వినబడలేదు. ఆవిడ గొంతయితే ఆ మోతను దాటి వినబడేది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మా గేటు ముందు కాంక్రీటు పోశారు. అప్పటికే ఆర్చికి ఫ్లెక్సీ కట్టారు. కాలనీ అభివృద్ధికి అహర్నిశలు కృషి చేసిన మాతృమూర్తికి నివాళి అట. ఆవిడ బొమ్మ అరచేయంత, ప్రెసిడెంటుగారి బొమ్మ నిలువెత్తు.

పాస్టరుగారు ప్రార్థన ముగించారు. పెట్టె లేపాం. నేను ఎడమవైపు రెండోవాణ్ణి. వరండా మెట్లెక్కి గేటు తీసేసరికి ఎదురుగా తాడు కట్టి ఉంది. తాడుకవతల తడితడిగా కొత్త రోడ్డు. ప్రెసిడెంటుగారు చేతులు జోడించి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క మాటండి. రోడ్డు ఇంకా పచ్చిగా ఉంది. వెనక ప్రహరీ కొంచెం తీయిస్తాను, సందులోంచి తీసుకెళ్దాం. గోడ మళ్ళీ నేనే కట్టిస్తా."

మాలో ఎవరూ కదల్లేదు. కబురు తెలిసి కనిగిరి నుంచి వచ్చిన చెల్లెలు ముందుకొచ్చింది. ఆయన భుజం దాకా కూడా రాని మనిషి.

"మా బావ వాకిలి ఇటు పెట్టాడు. మా అక్క ఇటే వస్తది. గోడదూకి పోటానికి ఆమేం దొంగతనం చెయ్యలా. జరుగు."

తాడు ఆమే విప్పింది. చెప్పులు విడిచి ఆమే ముందు కాలు పెట్టింది. మేమూ చెప్పులు విడిచాం. పెట్టెను భుజాల మీంచి ఇంకా పైకెత్తి ఆ రోడ్డెక్కాం. కాళ్ళు దిగబడ్డాయి. కాంక్రీటు సర్దుతున్న మేస్త్రి ముందు గట్టిగా అరిచి, పెట్టెను చూసి, తలకు చుట్టిన తువ్వాలు తీసి పక్కకు నిలబడ్డాడు. "అయ్యయ్యో, ఫినిషింగంతా పోయింది" అన్నాడు ప్రెసిడెంటుగారు. ఆ రోజు ఆయన మనస్ఫూర్తిగా బాధపడింది అప్పుడే.

సిమెంటుకు అరికాళ్ళు మండుతుంటే సమాధుల తోట దాకా నడిచాం. మామ్మగారూ, మీరు తల దించి అడిగిన రోజు ఒక్కటీ నేను చూడలేదు. మీతో ఒకే కప్పు కింద బతికినందుకు నాకు గర్వంగా ఉంది.

చెల్లెలు ఇచ్చి వెళ్ళిన కింది వాటా తాళం ఇప్పుడు నా దగ్గరుంది. ఎంతకిస్తారో కనుక్కోమని ప్రెసిడెంటుగారు రెండుసార్లు అడిగాడు. రోడ్డు దించాక మాట్లాడదాం అన్నాను. ఆ అడుగుల గుంటల మీద కాలనీ మళ్ళీ సమావేశం పెట్టి, అభిప్రాయాలు తీసుకుని, సిమెంటుతో పూడ్పించింది. ఒక్క వానకు ఆ సిమెంటు పెచ్చులుగా లేచిపోయింది. అడుగులు అలాగే ఉన్నాయి. మా గేటు ముందు మడమల లోతున దిగి ఉన్నాయి. ముందుకు పోయేకొద్దీ, పొద్దున పోసిన చోట, తేలికవుతూ వస్తాయి. ఆ పైన వేళ్ళ గుర్తులు మాత్రం కనిపిస్తాయి. మలుపు ఇంకా నాలుగిళ్ళు ఉందనగా, ముందురోజే పోసిన చోట, అవీ ఉండవు.