గుంటలోకి దిగిన టెలిస్కోప్

2023. హిందూపురంలో నా కళ్లద్దాల షాపు. అద్దాలు అమ్మడం నా బతుకుతెరువు, టెలిస్కోప్ మిర్రర్ అరగదీయడం నేర్పించడం నా పిచ్చి. అదే పిచ్చి ఉన్నవాళ్లు అప్పుడప్పుడూ నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఆ వానాకాలంలో ధర్మవరం నుంచి రైలెక్కి రామాంజి, ఆయన భార్య నాగమ్మ వచ్చారు. ఇద్దరూ పట్టుచీరలు నేస్తారు. నాగమ్మకు మోకాళ్ల నొప్పి. మగ్గం మీద కూర్చోగలదు గానీ నిలబడలేదు, మెట్టు ఎక్కలేదు.

అంతకుముందు పెనుకొండలో ఎవరో టెలిస్కోప్ పెట్టి శనిగ్రహాన్ని చూపిస్తున్నారంటే ఇద్దరూ పోయారట. ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే చోటు, ఎత్తులో ఉంది. రామాంజి స్టూలెక్కి చూశాడు. నాగమ్మ ఎక్కలేక ఏమీ చూడకుండానే తిరిగొచ్చింది.

"దోవ పొడుగునా ఉంగరముండాది, ఉంగరముండాది అని ఒకటే చెప్పినాడు సార్. చెప్తే కనపడతాదా?" అంది.

రామాంజి తలొంచుకున్నాడు. "ఈమె కూచోని చూడల్ల సార్. అట్లాంటిది నేనే చేస్తా."

వీడియోలు చూసి కాసెగ్రెయిన్ డిజైన్ ఖాయం చేసుకొని వచ్చాడు. అందులో ఐపీస్ గొట్టం వెనక ఉంటుంది, కుర్చీలో కూర్చుని చూడొచ్చు. కానీ పెద్ద మిర్రర్‌కు నడుమ రంధ్రం చేయాలి, ఎదురుగా ఉబ్బెత్తు మిర్రర్ ఒకటి కచ్చితంగా కుదరాలి. మొదటిసారి చేసేవాళ్లకు వద్దే వద్దన్నాను. న్యూటోనియన్ చేసుకోమన్నాను. అడుగున పల్లపు మిర్రర్, పైన ఏటవాలుగా చిన్న మిర్రర్, పక్క నుంచి చూడటం. అంతే.

ఆరంగుళాల మిర్రర్, ఎఫ్ 8 అన్నాను. అంటే ఫోకల్ లెంగ్త్ మిర్రర్ వెడల్పుకు ఎనిమిది రెట్లు. పల్లం తక్కువ కాబట్టి చేతికి లొంగుతుంది, చిన్నచిన్న తప్పులున్నా బొమ్మ చెడదు.

"గొట్టం నాలుగడుగులు దాటుతాది. నిలబడితే వంగల్ల, కూచుంటే అందదు. ఎఫ్ 5 అయితే పొట్టిగా ఉంటాది కదా?" అన్నాడు.

పొట్టిదే, కానీ పల్లం ఎక్కువ. దాన్ని సగంలో వదిలేసినవాళ్లను చూశాను. ఆయన వదలడు, నేనూ మొండివాణ్ణే. తెప్పించిన టీ చల్లారిపోయింది. బెంచీ మీద కూర్చున్న నాగమ్మకు నవ్వొచ్చింది.

"మగ్గానికి గుంట తవ్వుకోలేదా? దీనికీ ఒకటి తవ్వు," అంది మొగుడితో. "గొట్టం దాంట్లోకి దిగితే నేను అంచున కాళ్లు జారేసి కూచుంటా. దినామూ కూచునేది అట్లే కదా."

నేను పకపకా నవ్వాను. నవ్వు ఆగాక లెక్క వేసి చూస్తే మోకాలి లోతు గుంటతో ఎఫ్ 8 గొట్టమే సరిగ్గా కుదిరింది. గట్టు అడ్డమొచ్చి దిగువనున్న చుక్కలు మాత్రం కనపడవని చెప్పాను.

"పైనవి చాలు సార్," అంది.

నేత పని అయ్యాక రామాంజి రోజూ గాజు బిళ్లను అరగదీశాడు. ఓపిక నేర్పాల్సిన పని నాకు పడలేదు. దీపావళి దాటాక కబురొస్తే ధర్మవరం పోయాను. చీకటి పడగానే ఇంటి వెనక గుంట అంచున నాగమ్మ కూర్చుంది. రామాంజి శనిని పట్టి ఇచ్చి పక్కకు జరిగాడు. ఆమె కన్ను పెట్టింది. ఎంతకీ తీయలేదు.

"కనపడలేదా?" అన్నాడు రామాంజి.

"ఉండు, చూస్తాండా. నువ్వు ఆ పొద్దు సగమే చెప్పినావు."

నాకు చెప్పలేనంత సంతోషమైంది. అంతవరకూ మిర్రర్ కోసం ఎవరొచ్చినా ఎన్ని అంగుళాలని అడిగేవాణ్ణి. ఇప్పుడు చూసేదెవరని అడుగుతున్నాను. అంగుళాల సంగతి తర్వాత.