ఉలవచారులో కలిపింది

ముప్పై ఏళ్లు దాటింది. పాస్టరు గారికి కూడా చెప్పలేదు. చెప్పబోయి, మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఒక మనిషి నన్ను నమ్మి అన్నం తింది. ఆ నమ్మకాన్ని నేనేం చేశానో ఇన్నేళ్లూ మింగలేక, కక్కలేక మోశాను. ఇక ఓపిక లేదు.

ఎనభైల్లో నేను వినుకొండలో ఒక బడిలో ఆయాని. అక్కడే పనిచేసి రిటైరైన టీచరమ్మది ఒంటరి కాపురం. కోడిగుడ్డు కూడా ముట్టని ఇల్లు. మంచి మనిషే. కానీ ఇరవై ఏళ్లలో నాకు మంచినీళ్లు ఎప్పుడిచ్చినా పైనుంచి దోసిట్లో పోసేది. ఒకరోజు బావి దగ్గర జారిపడి ఆమెకు మోకాలి కింద ఎముక విరిగింది. నకరికల్లు నుంచి వచ్చిన తమ్ముడి కోడలు పది రోజులకే వెళ్లిపోయింది. అప్పుడు టీచరమ్మ నాకు కబురు పెట్టింది.

"ఇంక నీ చేతి కూడే నాకు గతి. ఒక్కటే అడుగుతున్నానే. నీచు మాత్రం నా ఇంట్లోకి రానీయమాక," అంది.

"దేవుడి సాక్షిగా తేనమ్మా," అన్నాను.

రెండు నెలలైనా ఎముక కలవలేదు. కట్టు కట్టే పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, మేక కాళ్ల సూపు పడితే తప్ప అతకదన్నాడు. మా వాడలో అందరికీ తెలిసిన మాటే. క్వారీలో కాలు విరిగిన మా ఆయనకు నలభై రోజులు నేనే కాచి పోశాను, లేచి పనికి వెళ్లాడు. టీచరమ్మ మాత్రం మంచానికి అంటుకుపోతోంది.

మా ఇంట్లోనే కాచాను. కాల్చిన కాళ్లు పొద్దంతా ఉడికించి, వడగట్టి, చల్లారాక పైన పేరుకున్న కొవ్వు తీసేస్తే, కిందిది తాటిముంజలా గడ్డ కట్టేది. దాన్ని కొంగు చాటున తీసుకెళ్లి, ఆమె పొయ్యి మీద మరుగుతున్న ఉలవచారులో వేసేదాన్ని. వాసన తెలియకుండా ఇంగువ, మిరియాలు దండిగా వేశాను.

"ఏందే, పెదాలు అంటుకుంటున్నాయి?" అంది మొదటి రోజు.

"ఉలవలు చిక్కగా దిగినయ్యమ్మా."

"చానా బాగుందే. ఇంకాస్త పొయ్యి."

పోశాను.

ఆమె లేవాలనే చేశానని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం కాదు, ఆమె కోసం ఏడ్చి ప్రార్థన చేసిన రోజులున్నాయి. కానీ ఇంకాస్త పొయ్యమన్నప్పుడు నాలో ఒక సంతోషం లేచింది, ఇరవై ఏళ్లు దోసిలి పట్టి తాగిన నీళ్లన్నిటికీ ఇదే జవాబు అనిపించింది. అది జాలా? కక్షా? రెండూ ఒకే గరిటెతో ఎలా పోశాను? ఇప్పటికీ విడదీయలేను.

ఆమె లేచింది. కర్ర పట్టుకుని వీధి అరుగు దాకా నడిచింది. దారిన పోయేవాళ్లందరికీ నా చారు గొప్ప చెప్పింది. ఆ రోజే నాకు మొదటిసారి మంచినీళ్లు గ్లాసుతో చేతికిచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు. నాలుగేళ్లకు ఆమె పోయింది, ఏమీ తెలియకుండానే.

నిరుడు నా మోకాళ్లలో గుజ్జు అరిగిందని నరసరావుపేటలో డాక్టరమ్మకు చూపించుకున్నాను. కాళ్ల సూపు తాగనా అని అడిగాను. తాగితే తాగు, కానీ అందులోని జిగురు, అదే కొలాజెన్, కడుపులోకి పోయాక పప్పు అరిగినట్టే అరిగిపోతుంది, నేరుగా వెళ్లి ఎముకకు అతుక్కోదు అంది. ఇప్పుడు డబ్బాల్లో అమ్మే కొలాజెన్ పొడితో కొందరికి నొప్పి కాస్త తగ్గుతుందేమో, అంతకు మించి ఆశపడొద్దంది. పెద్దవాళ్లకు విరిగిన ఎముక ఆలస్యంగానే కలుస్తుందట.

అంటే ఉత్త ఉలవచారుతోనే లేచేదేమో. కనీసం నిలబెట్టాను కదా అని ఇన్నాళ్లూ చెప్పుకున్న మాట కూడా నాకు మిగల్లేదు.

క్షమించడానికి ఆమె లేదు. మీరు క్షమించాలనీ అడగను. ఒక్కసారి పైకి అనాలి, అంతే.

టీచరమ్మా, ఆ చారులో మేక కాళ్ల సూపు కలిపాను. నలభై రోజులు. నువ్వు ఇంకాస్త అడిగితే, మళ్లీ పోశాను.